క్యోటోలో దిగాలా, ఒసాకాలో దిగాలా: ఏది మేలు?

నాలుగైదు రోజులకి జపాన్ వెళ్తున్నాం, ఒసాకా దగ్గరున్న కాన్సాయ్ విమానాశ్రయానికి టికెట్లు తీసుకున్నాం, రూమ్ ఎక్కడ బుక్ చేసుకోవాలి? ఈ మధ్య మా చుట్టాల్లో ముగ్గురు ఇదే అడిగారు. నా జవాబు ఒకటే: రూమ్ క్యోటోలో తీసుకోండి, రాత్రి భోజనానికి ఒసాకా వెళ్లండి.

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, ఒసాకాలో హోటళ్లు కాస్త చవకని. మేమూ మొదటిసారి అలాగే చేశాం. పొద్దున టిఫిన్ చేసి, తీరిగ్గా తయారై, రైలెక్కి క్యోటో చేరేసరికి పది దాటింది. సిటీ బస్సులో నిలబడే చోటు కూడా లేదు, మా అత్తయ్య కడ్డీ పట్టుకుని అరగంట నిలబడింది. ఫుషిమి ఇనారి గుడిలో వరసగా నిలబెట్టిన ఎర్ర చెక్క ద్వారాల్లాంటి తోరణాల కింద జనం అంగుళం అంగుళం కదులుతుంటే సగంలోనే వెనక్కి వచ్చేశాం.

రెండోసారి క్యోటోలో దిగి పొద్దున్నే ఆరింటికి అదే గుడికి వెళ్లాం. క్యోటో స్టేషన్ నుంచి నారా లైన్లో రెండో స్టేషనే ఇనారి, దిగితే ఎదురుగా గుడి. ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. ఇనారి వరి పంటకీ వ్యాపారానికీ దేవత, అందుకే వ్యాపారులు మొక్కుకుని ఒక్కో తోరణం కట్టిస్తారు. పైకి ఎక్కుతున్నంతసేపూ నున్నటి ఎర్ర స్తంభాలే. దిగేటప్పుడు చూస్తే స్తంభం వెనకవైపు నల్లటి అక్షరాల్లో కట్టించినవాళ్ల పేరు, తేదీ. మన గుళ్లలో విరాళం ఇచ్చినవాళ్ల పేర్లు రాతి పలకల మీద చెక్కిస్తారే, అలా. కొన్ని కొత్తగా మెరుస్తున్నాయి, కొన్నిటికి అడుగున చెక్క పుచ్చి రంగు పెచ్చులు ఊడిపోయింది. మా అత్తయ్య ఒక్కో స్తంభం మీద చెయ్యి వేసి చూస్తూ మెల్లగా దిగింది, తొందరపెట్టేవాళ్లు లేరు.

కియోమిజు గుడి కూడా ఆరింటికే తెరుస్తారు. కొండ అంచున 13 మీటర్ల ఎత్తు స్తంభాల మీద నిలబెట్టిన చెక్క వేదిక అది, 1633లో మేకులు లేకుండా దూలాల్లోకి దూలాలు దూర్చి కట్టారు. ఎండ ఎక్కకముందు అక్కడ నిలబడితే కింద ఊరంతా కనిపిస్తుంది. పదింటికైతే ముందున్నవాళ్ల సెల్ఫీ కర్రలే కనిపిస్తాయి.

క్యోటోకి పొద్దున ఎలాగో ఒసాకాకి సాయంత్రం అలాగ. 1935లో తొలిసారి పెట్టిన పరుగెత్తే మనిషి బోర్డుకి పేరుపడ్డ దోతోంబోరి కాలువ పక్కన పగలు నడిస్తే ఏముంది? చీకటి పడ్డాకే వెళ్లాలి. ఒసాకా కోటకి పగలే వెళ్లండి, కానీ లోపలికి వెళ్లకపోయినా పర్లేదు, ఇప్పుడున్నది 1931లో కాంక్రీటుతో కట్టిన భవనం, లిఫ్ట్ కూడా ఉంది. బయటి గోడల్లో ఏనుగులంతేసి రాళ్లు మాత్రం చూసి తీరాలి.

ఇక తిండి. కిటికీ దగ్గర నిలబడి తాకొయాకి వేయడం చూడండి, అచ్చం మన గుంత పొంగణాల పెనమే, పిండి పోసి ఆక్టోపస్ ముక్క వేసి సన్నటి ఊచతో గిర్రున తిప్పుతారు. పైన కరకర, లోపల పాకంలా జారుతూ ఉంటుంది, వెంటనే నోట్లో పెట్టుకుంటే నాలుక కాలుతుంది. ఒకొనొమియాకి అయితే టేబుల్ మీదున్న పెనంపైనే క్యాబేజీ పిండి అట్టు వేస్తారు, పైన చల్లిన ఎండు చేప పొరలు వేడికి బతికున్నట్టు మెలికలు తిరుగుతాయి. మాంసాహారులకి ఒసాకాని మించింది లేదు.

శాకాహారులకి మాత్రం అక్కడ కష్టం. కూరగాయలే కనిపిస్తున్నాయి కదా అని తినలేం, ఉడాన్ నూడుల్స్ పులుసులో కూడా చేప కాచిన నీళ్లుంటాయి. క్యోటోలో బౌద్ధ మఠాల వంట ఉంది, షోజిన్ ర్యోరి అంటారు. మాంసం, చేప లేవు సరే, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు, మన ఇళ్లలో పూజ రోజు వంటలాగే. నాన్‌జెన్‌జి గుడి చుట్టుపక్కల యుదోఫు పెడతారు, సముద్రపు నాచు వేసిన నీళ్లలో మెల్లగా కాగుతున్న టోఫు అనే సోయా పనీర్, మట్టి కుండలో. నంచుకునే సాస్‌లో చేప ఉందేమో ముందే అడగండి. తొలి ముద్దకి చప్పగా అనిపించింది, నాలుగో ముద్దకి పాల మీగడ లాంటి తీపి తెలిసింది. ఆ ట్రిప్ మొత్తంలో మా అత్తయ్య నిశ్చింతగా కడుపు నిండా తిన్న భోజనం అదే.

క్యోటోలో దుకాణాలు తొందరగా కట్టేస్తారు, నిషికి మార్కెట్‌లో సాయంత్రం ఆరు తర్వాత షట్టర్లే. ఆ వేళకి స్పెషల్ రాపిడ్ అనే వేగం రైలు ఎక్కితే అరగంటలో ఒసాకా. రాత్రి పదకొండు దాటాక కూడా తిరుగు రైళ్లుంటాయి. రాత్రి ఆలస్యంగా రావడం ఇబ్బంది కాదు, పెద్దవాళ్లని వెంటబెట్టుకుని తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరడమే ఇబ్బంది.

పిల్లలతో యూనివర్సల్ స్టూడియోస్‌కే వెళ్తున్నవాళ్లకి ఒసాకానే నయం. చెర్రీ పూల రోజుల్లో, నవంబర్ ఎర్రాకుల రోజుల్లో క్యోటో రేట్లు భరించలేనంత పెరుగుతాయి, నెలల ముందే బుక్ చేసుకోండి. చివరి రాత్రి మాత్రం సామానుతో ఒసాకాలో నంబాకి మారిపోండి, అక్కణ్ణుంచి విమానాశ్రయానికి నాన్‌కాయ్ రైల్లో నలభై నిమిషాలే, దోతోంబోరి నడిచి వెళ్లేంత దూరం.