హనుమకొండ డాబా మీద రెండు టెలిస్కోపులు: నాలుగేళ్ల వాడకం తరువాత

నేను మొదట కొన్నది 70 మిల్లీమీటర్ల కటకం ఉన్న చిన్న టెలిస్కోపు. 2020 డిసెంబరు 21 సాయంత్రం గురు, శని గ్రహాలు డిగ్రీలో పదో వంతు ఎడంలోకి వచ్చినప్పుడు, ఆ రెండింటినీ ఒకేసారి నాకు చూపించింది అదే. దాని లోపం కటకంలో లేదు, స్టాండు కాళ్లలో ఉంది. ఫోకస్ మర తిప్పడానికి వేలు ఆనిస్తే చాలు, శని గ్రహం నాలుగైదు సెకన్లు వణికేది. ఇలా మళ్లీ మళ్లీ సరిచేసుకునేలోపు భూభ్రమణం వల్ల గ్రహం అంచుకు జరిగిపోయేది.

మరుసటి ఏడాది 8 అంగుళాల దర్పణం, 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం (దర్పణం నుంచి బింబం ఏర్పడే చోటుకు దూరం) ఉన్న డాబ్సోనియన్ రకం టెలిస్కోపు తెచ్చుకున్నాను. చెక్కపెట్టె మీద కూర్చునే గొట్టం కాబట్టి వణుకు బాధ దాదాపు లేదు, పైగా 70 మిల్లీమీటర్ల కటకం కన్నా ఎనిమిది రెట్లకు పైగా వెలుతురు పోగుచేస్తుంది. 10 మిల్లీమీటర్ల ఐపీస్‌తో (కన్ను ఆనించి చూసే కటకంతో) 120 రెట్లు పెద్దదిగా, శని వలయాల మధ్య ఉన్న ‘కాసిని’ అనే నల్లని ఖాళీని మొదటిసారి చూసిన రాత్రి నేను చాలాసేపు ఐపీస్ దగ్గరనుంచి కదలలేదు.

అయితే దాని అసలు విలువ తెలిసింది ఊరి దీపాలకు దూరంగా, నర్సంపేట దాటి పాఖాల వైపు తీసుకెళ్లినప్పుడే. మనం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉండడం వల్ల, ఒమెగా సెంటారీ అనే గోళాకార తారాగుచ్ఛం (బంతిలా గుమిగూడిన నక్షత్రాల గుంపు) ఏప్రిల్, మే రాత్రుల్లో దక్షిణాన 24 డిగ్రీల ఎత్తు వరకు వస్తుంది. చిన్నదానిలో అది పొగమరక. ఇందులో అంచుల వెంట నక్షత్రాలు నూకలు చల్లినట్టు విడివిడిగా కనిపిస్తాయి.

దీనికి ఓపిక కావాలి. గొట్టాన్నీ పెట్టెనూ వేర్వేరుగా మెట్లెక్కించాలి, గతుకుల దారిలో తీసుకెళ్లిన ప్రతిసారీ దర్పణాల అమరిక సరిచూడాలి, వాడకానికి ముందు ముప్పావుగంట బయట చల్లారనివ్వాలి. ఎండాకాలంలో డాబా స్లాబు రాత్రి పది దాటినా వేడి కక్కుతుంటుంది, దానితో గ్రహబింబం మరుగుతున్న నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది. అటువంటప్పుడు మట్టినేల ఉన్న వాకిలే నయం. వానాకాలంలో దర్పణానికి బూజు పట్టకుండా మూత బిగించి, లోపల సిలికా జెల్ పొట్లాలు ఉంచుతాను.

మెట్లు మోయగలిగి, నెలకొకసారైనా ఊరు దాటగలిగినవారికి 8 అంగుళాలదే కొనమంటాను. మోయలేనివారు 6 అంగుళాల డాబ్సోనియన్ తీసుకోవాలి గాని, అదే డబ్బుతో బలహీనమైన స్టాండు మీద ఎక్కువ రెట్లు చూపుతానని రాసి ఉన్న పెట్టెను కొనకూడదు.