సెంటార్ నకలు కిట్: సౌండ్‌కి ఫుల్ మార్కులు, బొమ్మకి సున్నా

గిటార్ పెడల్ (గిటార్ సౌండ్ మార్చే, కాలితో నొక్కే డబ్బా) మనమే కట్టుకునే కిట్లు అమ్మే ఒకాయన దగ్గర క్లోన్ (Klon, కంపెనీ పేరు) సెంటార్ పెడల్ నకలు తెప్పించా. మూడున్నర వేలు, కొరియర్ అదనం. అసలుది బిల్ ఫినెగన్ అమెరికాలో 1994 నుంచి చేత్తో చేసి అమ్మిన ఓవర్‌డ్రైవ్, అంటే సౌండ్‌ని కాస్త గరగరలాడించే పెడల్. చేసినవే దాదాపు 8,000. ఇప్పుడు పాతది దొరికినా లక్షల్లో మాట. ఆదివారం చర్చిలో వాయించుకునే నాలాంటివాడికి అది కుదిరే పని కాదు.

బోర్డు శుభ్రంగా ఉంది, రెసిస్టర్లు విడివిడి కవర్లలో విలువ రాసి పంపారు. జెర్మేనియం డయోడ్లకి వేడి పడదు, కాలికి క్రొకొడైల్ క్లిప్పు తగిలించి సోల్డరింగ్ చేయండి. పిసినారితనమంతా ఒక్క ఐసీ (చిప్పు) దగ్గర చూపించారు. 9 వోల్టుల్ని 18కి పెంచే చోట మ్యాక్స్1044 ఉండాలి, మామూలు 7660 పడేశారు. కాళ్ల వరస ఒకటే గానీ దీని ఒకటో కాలు ఉత్తదే. మ్యాక్స్1044లో ఆ కాలు సప్లైకి కలిపితే స్విచింగ్ (చిప్పు లోపల ఆన్-ఆఫ్ అయ్యే వేగం) చెవికి అందనంత పైకి పోతుంది, ఇదేమో చెవికి వినపడే 10 కిలోహెర్ట్జ్ దగ్గరే ఉండిపోతుంది. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నాక స్పీకర్‌లోంచి సన్నగా ఈల! కోఠి గుజరాతీ గల్లీలో ఒకటో కాలు పనిచేసే 7660ఎస్ తెచ్చి వేశా, ఈల పోయింది.

సౌండ్ మాత్రం అదిరింది. గెయిన్ నాబ్ ఒకటే గానీ లోపల జంట పాట్ (ఒకే నాబ్‌తో తిరిగే రెండు కంట్రోళ్లు). గెయిన్ తగ్గించేకొద్దీ గరగర లేని క్లీన్ సిగ్నల్ కలుస్తుంది, అందుకే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) ముద్దకట్టవు.

మా చర్చిలో బేస్ గిటార్ వాయించే తమ్ముడు చూసి, "అన్నా, దొంగిలకూడదన్న ఆజ్ఞ పెడల్స్‌కి లేదా?" అన్నాడు. వెటకారమే, కానీ సబబైన ప్రశ్న. సర్క్యూట్ కనపడకూడదనే ఫినెగన్ దాని మీద నల్ల ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) పోశాడు. జనం గీకి మరీ బయటపెట్టారు. ఆయనకి ఇష్టం లేదన్నది స్పష్టమే. అయినా పేటెంటు లేని సర్క్యూట్‌ని ఇంట్లో ఒకటి కట్టుకుని వాయించుకుంటే తప్పని నాకనిపించదు. 2012లో ఆయనే కేటీఆర్ అని (మన కేటీఆర్ కాదు) చిన్న పెడల్ తెచ్చాడు. స్తోమత ఉన్నవాళ్లు అదే కొనండి.

నాకు మండింది డబ్బా చూసి. బంగారు రంగు, మీద అదే సగం మనిషి సగం గుర్రం బొమ్మ, అదే పేరు. నేర్చుకునేవాడికి ఇవెందుకు? ఎవడో అమాయకుడికి ఒరిజినల్ అని అంటగట్టడానికి తప్ప! 2024లో ఫినెగన్ ఇలాంటి నకలు తెచ్చిన బెహ్రింగర్ కంపెనీ మీద కోర్టుకెక్కింది కూడా పేరు, రూపం గురించే. నేను గరుకు కాగితంతో రుద్ది నల్ల స్ప్రే కొట్టేశా.

బొమ్మ లేని డబ్బా ఇస్తే ఇంకొకటి తీసుకుంటా. ఆజ్ఞ గుర్తుచేసిన తమ్ముడే తనకీ ఒకటి చేసిపెట్టమంటున్నాడు. కిట్ డబ్బులిస్తే చాలని చెప్పా, కూలి వద్దు.