కార్డు ఉంది, ఆకలి ఉంది, కొరియా నంబరే లేదు

సియోల్‌లో దిగిన మొదటి రాత్రే మా పరువు పోయింది. విజయవాడలో అర్ధరాత్రి దాటాక కూడా బిర్యానీ గుమ్మంలోకి తెప్పించుకునే వాళ్లం మేము. అలాంటిది, డెలివరీకి పెట్టింది పేరైన ఊళ్లో, చేతిలో ఫోను, పర్సులో కార్డు పెట్టుకుని రెండు గంటలు ఆకలితో కూర్చున్నాం.

హాంగ్డే పక్కన యన్నమ్-దాంగ్‌లో చిన్న గెస్ట్‌హౌస్ మాది. అక్టోబరు చలికి నేల కింద వేడి పెట్టారు. అత్తయ్య ఆ వెచ్చటి నేల మీద కాళ్లు చాపుకుని, "నాకేం వద్దమ్మాయ్, మీరిద్దరూ తినండి" అంటున్నారు. ఆ మాటకు అర్థం బాగా ఆకలేస్తోందని. పెళ్లయి పన్నెండేళ్లయింది, ఆ మాత్రం తెలుసు.

భాష రాకపోవడమే అడ్డం అనుకుని వెళ్లాను. కాదు. స్క్రీన్‌షాట్ తీసి పాపాగో అనే అనువాద యాప్‌లో పెడితే మెనూ ఇంగ్లీషులోకి వచ్చేస్తుంది, తప్పులతోనైనా. ఆగిపోయింది ఫోన్ నంబరు దగ్గర. ఒక యాప్‌లో చికెన్ ఎంచుకున్నాను, అడ్రస్ పెట్టాను, ఇక డబ్బు కట్టడమే అనుకున్నాక ఒక పేజీ వచ్చింది. పేరు, పుట్టినతేదీ, ఫోన్ కంపెనీ. కంపెనీల జాబితాలో ఎస్‌కే టెలికాం, కేటీ, ఎల్‌జీ యూప్లస్ ఉన్నాయి. మా జియో ఎక్కడుంటుంది అందులో?

దీన్ని అక్కడ 'బోనిన్ ఇన్‌జంగ్' అంటారు. ఈ మనిషి ఈ మనిషేనని రుజువు చేసుకోవడం. మన ఆధార్ ఓటీపీ లాంటిదే, కాకపోతే హామీ ఇచ్చేది ఫోన్ కంపెనీ. ఇక్కడే చాలామంది టూరిస్టులు బోల్తా పడతారు. ఎయిర్‌పోర్టులో 010తో మొదలయ్యే నంబరున్న సిమ్ కొనుక్కుంటే పనైపోతుందనుకుంటారు. ఆ నంబరుకు మెసేజ్ రావడం వేరు, ఆ నంబరు ఫలానా వాళ్లదేనని కంపెనీ రికార్డులో ఉండటం వేరు. మెసేజ్‌తో సరిపెట్టుకునే చోట మీ సిమ్ పనికొస్తుంది. రికార్డు అడిగే చోట అక్కడ ఉంటున్నవాళ్లకిచ్చే గుర్తింపు కార్డుతో తీసుకున్న నంబరు కావాలి. చికెన్‌తో పాటు బీరు కూడా పెట్టారనుకోండి, వయసు రుజువు కోసం ఈ రెండో రకమే అడుగుతారు. మా ఆయన ఆశ అక్కడే ఆవిరైంది. ఇక ఇంటర్నెట్ ఒక్కటే ఇచ్చే ఈసిమ్ కొన్నవాళ్లకు అసలు నంబరే ఉండదు. మేం కొన్నది అదే.

నంబరు గండం దాటినా కార్డు గండం ఉంటుంది. మన కార్డుల్లో విదేశీ వాడకాన్ని మనమే ఆన్ చేసుకోవాలని రిజర్వ్ బ్యాంక్ 2020లోనే నియమం పెట్టింది. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో అది చూసుకోండి. ఓటీపీ వచ్చేది ఇండియా నంబరుకే కాబట్టి ఆ సిమ్ పీకేయకుండా, మెసేజ్‌లు వచ్చేలా రోమింగ్‌లో ఉంచండి. మా ఆయన బరువేదో తగ్గుతుందన్నట్టు విమానంలోనే సిమ్ తీసి పర్సులో పెట్టారు. ఆ రాత్రి గెస్ట్‌హౌస్ దుప్పటి మీద గోరంత సిమ్ కోసం ముగ్గురం మోకాళ్ల మీద వెతికాం.

చివరికి మమ్మల్ని గట్టెక్కించింది మా తమ్ముడు. వాడు డేజాన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు, సియోల్ నుంచి రైల్లో గంట దూరం. మర్నాడు కలుద్దామనుకున్నవాడికి రాత్రి పదింటికి ఫోన్ చేస్తే, "అక్కా, అడ్రస్ పంపు, నేను పెడతా" అన్నాడు. వాడి అకౌంట్, వాడి కార్డు, మా గుమ్మం. కొరియాలో తెలిసినవాళ్లు ఒక్కరున్నా ఇంతకు మించిన దారి లేదు. మొహమాటపడకండి.

అయితే అడ్రస్ పంపింది నేను. అక్కడ పెద్ద రోడ్డును 'రో' అంటారు, దాంట్లోంచి చీలే సందుకు 'గిల్' అని నంబరు ఇస్తారు, ఆ తర్వాత ఇంటి నంబరు. మాది 12-గిల్, 7వ ఇల్లు. నేను 7-గిల్, 12 అని కొట్టాను. నలభై నిమిషాలకు తమ్ముడి ఫోనుకు ఫొటో వచ్చింది: ఎవరిదో గుమ్మం, తలుపు పిడికి తగిలించిన కాగితం సంచి. డెలివరీ అయిపోయిందట! సందుల నంబర్లు రోడ్డుకు ఎడమవైపు బేసి, కుడివైపు సరి. అంటే మా భోజనం రోడ్డు అవతల ఉంది. మా ఆయనా నేనూ స్వెట్టర్లు తగిలించుకుని పరుగెత్తాం. ఫొటోలో గుమ్మం పక్కన ఎర్రటి గొడుగు ఉంది, అదే గుర్తు. సందు చివరి దాకా వెళ్లి, రెండు మెట్లెక్కి చూస్తే గొడుగూ ఉంది, సంచీ ఉంది, చెయ్యి పెడితే ఇంకా వేడిగా ఉంది. లోపల టీవీ మోగుతోంది. దొంగల్లా సంచి తీసుకుని చప్పుడు కాకుండా వచ్చేశాం.

ఆ చికెన్ గురించి ఒక్క మాట. సోయా, వెల్లుల్లి పూత పూసి రెండుసార్లు వేయించింది. పైన కరకర, లోపల రసం. పక్కన చిన్న డబ్బాలో తెల్ల ముల్లంగి ముక్కలు, తీపీ పులుపూ. 20 వేల వోన్‌లకు పైనే అయింది. వెయ్యి వోన్‌లంటే మనకు 60 రూపాయలకు కాస్త అటూ ఇటూ, లెక్క మీరే వేసుకోండి. నాకైతే ప్రతి రూపాయీ గిట్టింది.

మర్నాడు తమ్ముడొచ్చి యాప్‌ల పేర్లు విప్పి చెప్పాడు. అందరూ బేమిన్ అనేది 2010లో మొదలైన బేదల్-మిన్‌జోక్. బేదల్ అంటే డెలివరీ, కొరియా జాతికున్న ఒక పాత పేరు కూడా అదే. మనది డెలివరీ జాతి అని వాళ్ల మీద వాళ్లే వేసుకున్న జోకన్నమాట. యోగియో అంటే హోటల్లో మనం "ఇదిగో బాబూ, ఇటు" అని పిలుస్తామే, ఆ కేక. 2019లో వచ్చిన కూపాంగ్ ఈట్స్ ఒక రైడర్‌కు ఒక ఆర్డరే అనే పద్ధతితో పేరు తెచ్చుకుంది. ఉచిత డెలివరీ ఊరించేది నెలనెలా చందా కట్టే సభ్యులకు, వారం రోజుల చుట్టాలకు కాదు. షటిల్ అని ఇంకొకటి, విదేశీయుల కోసమే ఇంగ్లీషులో పెట్టింది. విదేశీయులు ఎక్కువగా ఉండే ఇటేవాన్ పేటలో దిగేవాళ్లు ముందు అది చూడండి. ఈ యాప్‌ల నియమాలు మారుతుంటాయి కాబట్టి, బయల్దేరకముందు మన ఊళ్లో ఉండగానే డౌన్‌లోడ్ చేసుకుని నంబరు పేజీ దాకా వెళ్లి చూడటం మంచిది.

ఇప్పుడు అత్తయ్య సంగతి. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. మేమిద్దరం గొడ్డుమాంసం తినం. ఈ రెండు షరతులతో కొరియా మెనూ చదవడం ఏ పరీక్షకూ తీసిపోదు. పాపాగో ఒక సూప్‌ను ఎలుగుబంటి సూప్ అంది. అత్తయ్య "రామ రామ" అని లేచి వెళ్లిపోయారు. అది గోమ్‌తాంగ్, ఎక్కువసేపు కాచిన గొడ్డు ఎముకల రసం. గోమ్ అంటే కాచడానికీ ఎలుగుకీ ఒకే అక్షరం. ఎలుగైతే మాత్రం మేం తినేవాళ్లమా!

కళ్లకు కనిపించే మాంసంతోనే అయితే ఇబ్బంది లేదు, కనిపించకుండా దాక్కున్నదే చిక్కు. కిమ్చీలో ఉప్పు రొయ్యలు, సూప్‌లో మ్యోల్చి అనే ఎండు చేప, తొక్‌పొక్కీ అనే కారపు బియ్యప్పిండి ముక్కల్లో ఓముక్ అనే చేపల ముద్ద, కూరగాయలదే అనుకున్న కింబాప్ అన్నం చుట్టలో హామ్ అనే పంది మాంసం. ఆర్డర్ పెట్టేటప్పుడు హోటలుకు కబురు రాసే గడి ఒకటి ఉంటుంది. అందులో "గోగి ప్పే జుసెయో", అంటే మాంసం తీసేయండి, అని కొరియా లిపిలో అతికించేవాళ్లం. బిబింబాప్ అనే కూరగాయల కలుపు అన్నానికైతే గుడ్డు కూడా వద్దని రాశాం. ఒకసారి గుడ్డు లేకుండా వచ్చింది, ఇంకోసారి గుడ్డు విడిగా చిన్న డబ్బాలో పెట్టి పంపారు. పారేయడానికి వాళ్లకు మనసొప్పలేదేమో. పైన వేసుకునే గోచుజాంగ్ కారం ముద్దలో కూడా కొన్నిచోట్ల గొడ్డుమాంసం వేయిస్తారని తమ్ముడు చెప్పేదాకా తెలీదు. మూడో రోజు నుంచి ఆ డబ్బా మూత తీయలేదు.

నిజం చెప్పాలంటే అత్తయ్యను సంతోషపెట్టింది ఏ యాప్ కాదు, సందు మొదట్లో ఉన్న కన్వీనియెన్స్ స్టోర్. అక్కడ హెత్‌బాన్ అని గిన్నెలో వండి సీలు వేసిన అన్నం దొరుకుతుంది. మూత మూల కాస్త లేపి, రెండు నిమిషాలు మైక్రోవేవ్‌లో పెడితే పొగలు కక్కుతూ వస్తుంది. బియ్యం కాస్త జిగురు. ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి, నెయ్యి, ఆవకాయ. ఆ వెచ్చటి నేల మీదే బాసింపట్టు వేసుకుని, రెండు గిన్నెలు ఖాళీ చేసి, "వీళ్ల అన్నం బాగానే ఉందే" అన్నారు. యాప్‌లో కూడా వెయ్యి వోన్‌లకు అటూ ఇటూగా గిన్నెడు అన్నం ఉంటుంది, కాకపోతే కనీసం ఇంతకు కొనాలనే లెక్క వల్ల అన్నం ఒక్కటే పంపరు.

బసల విషయానికొస్తే, డెలివరీ మీద ఆధారపడేవాళ్లు గెస్ట్‌హౌసే తీసుకోండి. తర్వాత మూడు రాత్రులు మ్యోంగ్‌డాంగ్‌లో ఒక పెద్ద హోటల్లో ఉన్నాం. పరుపు మెత్తగా ఉంది, కిటికీలోంచి నామ్‌సాన్ టవర్ కనిపించింది, కానీ పార్సిల్ పైకి రానివ్వరు. రైడర్ లాబీలో పెట్టి పోతాడు, మనం దిగి రావాలి. లిఫ్టు కోసం నిలబడేసరికి నూడుల్స్ ముద్దయిపోయాయి. పైగా అన్నం, ఎర్ర రసం ఉన్న సంచి పట్టుకుని సూట్లేసుకున్నవాళ్ల మధ్య నిలబడటం నాకు నచ్చలేదు. అంత డబ్బు పోసి ఇంత మొహమాటమా అనిపించింది. బుసాన్‌లో రెండు రాత్రులు అసలు యాప్ తెరవలేదు, హెయుందే బీచ్ దగ్గర నడిస్తే చాలు.

గెస్ట్‌హౌస్‌లో మేలు యజమానురాలు. అరవై దాటిన మనిషి, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆంటీ అన్నట్టుగా అజుమ్మా అని పిలవబోతే తమ్ముడు ఆపి, సాజాంగ్‌నిమ్ అను అన్నాడు, ఓనరుగారూ అన్నట్టు. నాలుగో రోజు తమ్ముడు ల్యాబ్‌కు వెళ్లిపోయాక ఆవిడే తన ఫోన్లో ఆర్డర్ పెట్టి, నేనిచ్చిన నోట్లు లెక్కపెట్టుకుని చిల్లర పువ్వుల కవర్లో పెట్టి ఇచ్చారు. రైడర్ వచ్చాక డబ్బిచ్చే వీలు కొన్ని హోటళ్లకు ఉంటుంది, మన్నాసొ క్యోల్జే అంటారు, ఎదురుపడ్డాక చెల్లించడం అని. మీ బసలో ఎవరైనా ఇలా సాయం చేస్తారా అని బుక్ చేసేటప్పుడే అడగండి. టిప్పు మాత్రం ఇవ్వబోకండి, అక్కడ ఆ అలవాటు లేదు.

ఆవిడ దగ్గర ఒక్క విషయంలోనే తిట్లు తిన్నాం. తిన్నాక డబ్బాలన్నీ ఒక కవర్లో కుక్కి చెత్తబుట్టలో పడేశాను. ఆవిడ చూసి, బయటికి తీసి, సింకు దగ్గరకు తీసుకెళ్లి చేసి చూపించారు. మిగిలిన తిండి ఒక డబ్బాలోకి, ప్లాస్టిక్ కడిగి ఒకవైపు, నూనె పట్టిన కాగితం ఇంకోవైపు. చికెన్ ఎముకలు తిండి చెత్త కాదట, మామూలు చెత్తట. తిండి చెత్తకు అక్కడ డబ్బు కట్టాలి, అందుకే ఆ పట్టింపు. ఎర్ర సాస్ పట్టిన డబ్బా ఎంత తోమినా గులాబి రంగు పోదు. ఆ వారంలో నేను తోమినన్ని గిన్నెలు మా ఇంట్లో నెల రోజుల్లో కూడా తోమలేదు.

యాప్, అకౌంట్ ఏమీ లేకుండా డెలివరీ సరదా చూడాలంటే హాన్ నది ఒడ్డున యొయిదో హాన్‌గాంగ్ పార్కుకు వెళ్లండి. యొయినారు స్టేషన్ బయట చికెన్ హోటళ్ల కాగితాలు చేతిలో పెట్టేవాళ్లు కనిపిస్తారు. పార్కులో డెలివరీ జోన్ అని బోర్డు పెట్టిన చోటు ఉంది, రైడర్లు అక్కడికే తెస్తారు. ఆ సాయంత్రం తమ్ముడు మళ్లీ వచ్చాడు కాబట్టి ఫోన్లో వాడే మాట్లాడాడు. చాప పరుచుకుని కూర్చున్నాం. పక్క చాపల మీద కాలేజీ పిల్లలు ఫోన్లు చూసుకుంటూ, తమ రైడర్ కనపడగానే చెప్పులు లేకుండా పరుగెత్తడం, అందరి హెల్మెట్లూ ఒకేలా ఉండటంతో తప్పు రైడర్‌ను పట్టుకుని దండం పెట్టి వెనక్కి రావడం. అత్తయ్య చికెన్ వైపు చూడలేదు కానీ ఆ పరుగులు చూసి ఆవిడ నవ్విన నవ్వు ఆ ప్రయాణం మొత్తంలో ఇంకెక్కడా నవ్వలేదు.

మేం విజయవాడ వచ్చిన వారానికి తమ్ముడు ఫోన్ చేశాడు. ల్యాబ్ నుంచి ఆలస్యంగా వచ్చి ఆకలి మీద అదే సోయా చికెన్ పెట్టాడట, యాప్‌లో అడ్రస్ మార్చడం మర్చిపోయి. గంటసేపు గుమ్మం వైపు చూశాక మెసేజ్ వచ్చిందట. ఫొటోలో యన్నమ్-దాంగ్ గెస్ట్‌హౌస్ వంటగది బల్ల, తెరిచిన చికెన్ డబ్బా. పక్కనే కడిగి ఆరబెట్టిన ముల్లంగి డబ్బా.