పుస్తకం ఇంటికివ్వని గ్రంథాలయం: మేడిసన్‌లోని సీసీబీసీ

తెలుగు సాహిత్యం చదివేవారికి అమెరికాలోని మేడిసన్ కొత్త పేరు కాదు. వెల్చేరు నారాయణరావు 1971 నుంచి దశాబ్దాల పాటు తెలుగు బోధించిన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఉన్న ఊరది. ఆ విశ్వవిద్యాలయంలోనే, స్కూల్ ఆఫ్ ఎడ్యుకేషన్‌కు అనుబంధంగా, చిన్నపిల్లల పుస్తకాలకూ టీనేజి పిల్లల పుస్తకాలకూ మాత్రమే ప్రత్యేకించిన పరిశోధన గ్రంథాలయం ఒకటి 1963 నుంచి నడుస్తోందన్న సంగతి మనలో తెలిసినవారు తక్కువ. దాని పూర్తి పేరు కోఆపరేటివ్ చిల్డ్రన్స్ బుక్ సెంటర్; అందరూ సీసీబీసీ అనే అంటారు. నార్త్ మిల్స్ వీధిలోని టీచర్ ఎడ్యుకేషన్ భవనం నాలుగో అంతస్తులో ఉంటుంది. ఉపాధ్యాయులు, లైబ్రేరియన్లు, అంగన్‌వాడీ వంటి శిశు కేంద్రాలు నడిపేవారు, విశ్వవిద్యాలయ విద్యార్థులు దీని ప్రధాన పాఠకులు. పిల్లల సాహిత్యం మీద ఆసక్తి ఉన్న ఇతరులు కూడా వెళ్ళి చదువుకోవచ్చు.

ముందుగా తెలుసుకోవలసిన విషయం, ఇక్కడ పుస్తకాలు ఇంటికివ్వరు. పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి నాలుగు బొమ్మల పుస్తకాలు తెచ్చుకుందామనుకునే తల్లిదండ్రులకు ఇది నిరాశే. వారు అదే భవనంలో ఉన్న మెరిట్ లైబ్రరీకో, ఊళ్ళోని పౌర గ్రంథాలయానికో వెళ్ళడం మేలు. సీసీబీసీ పిల్లల కోసం పెట్టిన గ్రంథాలయం కాదు. పిల్లల చేతికి ఏ పుస్తకం ఇవ్వాలో నిర్ణయించవలసిన పెద్దల కోసం పెట్టినది. ఈ తేడా మనసులో పెట్టుకుని వెళితే, ఇంటికివ్వకపోవడమే దాని అసలు బలమని తొందరగానే అర్థమవుతుంది.

అమెరికాలో పిల్లల పుస్తకాలు వేసే ప్రచురణకర్తలు తమ కొత్త పుస్తకాలను పరిశీలన కోసం ఏటా ఇక్కడికి పంపుతారు. అలా వచ్చినవి, బాగున్నవీ బాగులేనివీ కూడా, ఒకే చోట పక్కపక్కన కనిపిస్తాయి. వాటితో పాటు సిఫారసు చేసిన పాత పుస్తకాలు, బహుమతులందుకున్నవి, చారిత్రక ప్రాధాన్యం ఉన్నవి విడిగా ఉంటాయి. మామూలు గ్రంథాలయంలో మంచి పుస్తకం ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లో ఉంటుంది, అరలో మిగిలినవాటిని చూసి ఆ ఏటి సాహిత్యాన్ని అంచనా వేయడం కుదరదు. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. ఒకే ఇతివృత్తం మీద వచ్చిన పుస్తకాలన్నిటినీ బల్ల మీద పరచుకుని ఒకదాని పక్కన ఒకటి తెరిచి చూడవచ్చు. ఉదాహరణకు, అమెరికాలో పెరుగుతున్న భారతీయ పిల్లల కథలు ఒక వరసలో చదివితే, విడివిడిగా చదివినప్పుడు తట్టని సంగతి ఒకటి తడుతుంది. బడిలో మధ్యాహ్నం డబ్బా మూత తీయగానే పక్క పిల్లలు ముక్కు మూసుకునే ఘట్టం ఒక పుస్తకంలో ఉంటే అది అనుభవం, మూడో పుస్తకంలోనూ ఎదురైతే మూస. పండగ అంటే దీపావళి, లేదా హోళీ. సంక్రాంతి ముగ్గు కోసం, బతుకమ్మ కోసం వెతుక్కోవలసిందే. దక్షిణాసియా గురించిన పిల్లల పుస్తకాలకు 2012 నుంచి ఇవ్వడం మొదలైన సౌత్ ఏషియా బుక్ అవార్డు జాబితాను చేతిలో పెట్టుకుని వెళితే ఇలాంటి పరిశీలనకు మంచి మొదలు దొరుకుతుంది. మేడిసన్‌లోని దక్షిణాసియా అధ్యయన కేంద్రానికి ఆ బహుమతితో సంబంధం ఉంది.

సీసీబీసీకి దేశమంతటా పేరు తెచ్చింది దాని లెక్క. 1985లో అప్పటి డైరెక్టర్ గిన్నీ మూర్ క్రూస్, నల్లజాతి రచయితలకూ చిత్రకారులకూ ఇచ్చే కొరెట్టా స్కాట్ కింగ్ అవార్డు కమిటీలో సభ్యురాలిగా ఉన్నారు. ఆ ఏడాది పిల్లల కోసం వెలువడిన సుమారు 2,500 పుస్తకాలలో ఆఫ్రికన్ అమెరికన్లు రాసినవి గానీ బొమ్మలు వేసినవి గానీ 18 మాత్రమేనని తేలింది. పుస్తకాలన్నీ ఒకే చోట ఉండబట్టే ఆ సంఖ్య తేలింది. ఆ ఏడాది మొదలైన లెక్కను మానకుండా కొనసాగించి, 1994 నుంచి ఆదివాసీ, ఆసియా, లాటినో మూలాలున్నవారి పుస్తకాలను కూడా లెక్కించడం మొదలుపెట్టారు. నల్లజాతి రచయిత వాల్టర్ డీన్ మైయర్స్ 2014లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రాసిన వ్యాసంలో, 2013లో వచ్చిన 3,200 పుస్తకాలలో నల్లవారి గురించినవి 93 మాత్రమేనని ఎత్తిచూపింది ఈ గ్రంథాలయం లెక్కనే. 2018 నాటి పుస్తకాల అంకెలతో గీసిన ఒక చిత్రపటం మరీ ప్రసిద్ధమైంది. అందులో తెల్లపిల్లలు ప్రధాన పాత్రలైన పుస్తకాలు 50 శాతం, జంతువులూ ఇతర వస్తువులూ ప్రధాన పాత్రలైనవి 27 శాతం. అంటే నల్ల, ఆసియా, లాటినో, ఆదివాసీ పిల్లలందరినీ కలిపినా కుందేళ్ళ, ఎలుగుబంట్ల కథల వాటాకు తూగలేదు.

ఈ లెక్కలో నాకు బాగా నచ్చినది, ఒక జాతి 'గురించి' వచ్చిన పుస్తకాలనూ ఆ జాతివారు 'రాసిన' పుస్తకాలనూ వేరువేరుగా చూపించడం. భారతీయ బాలిక కథను భారతీయేతరులు రాయకూడదని కాదు. ఎవరి కథ ఎవరి చేతుల మీదుగా వస్తోందో తెలియాలి కదా. లోటు కూడా ఇక్కడే ఉంది. ప్రధాన పట్టికలో ఆసియా అంతా ఒకే వరుస. జపాన్, వియత్నాం, పాకిస్తాన్, తెలుగునాడు అన్నీ అందులోనే కలిసిపోతాయి. తెలుగు కుటుంబం కనిపించే పుస్తకాలు ఎన్ని అని అడిగితే ఆ వరుస జవాబు చెప్పదు. అరల దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కటే తెరిచి చూసుకోవాలి. ఉన్నమాట చెప్పాలంటే, 1945లో 'బాల', 1947లో 'చందమామ' మొదలైన భాషలో, ఏటా వచ్చే పిల్లల పుస్తకాలను ఈ తీరున ఒకచోట చేర్చి లెక్కగట్టే విశ్వవిద్యాలయ విభాగం మనకూ లేదు కాబట్టి ఆ పట్టికను తప్పుపట్టే ముందు కొంచెం తగ్గాలి.

పుస్తక చర్చల కోసం ఇక్కడివారు 1989లో రాసుకున్న నియమావళి నా దృష్టిలో ఆ లెక్కకు ఏమాత్రం తీసిపోదు. పుస్తకాన్ని అది ఏమిటో దాన్నిబట్టి చూడాలి గాని, ఏమి కాలేదో దాన్నిబట్టి చూడకూడదు. ముందు నచ్చిన విషయాలు చెప్పాలి. అందరూ చెప్పిన తరువాతనే ఇబ్బందుల మాట ఎత్తాలి. ఆ ఇబ్బందిని తీర్పులాగా కాక ప్రశ్నలాగా అడగాలి. కథను తిరిగి చెప్పకూడదు, సొంత అనుభవాలు ఏకరువు పెట్టకూడదు. ఆ రచయిత పాత పుస్తకాలతో కాక, ఆ రోజు చర్చకు పెట్టిన ఇతర పుస్తకాలతోనే పోల్చాలి. మన పుస్తకావిష్కరణ సభలలో కథంతా చెప్పేసి, రచయితతో తమ చుట్టరికం కూడా చెప్పి కూర్చునే వక్తల చేతికి ఈ అరపేజీ కాగితం ఒకటి ఇస్తే సభ సగం సమయంలో ముగుస్తుంది. అయితే నచ్చినవే ముందు చెప్పాలన్న నియమం, నిజంగా చెడ్డ పుస్తకం విషయంలో మొహమాటంగా మారే ప్రమాదం ఉంది. ఏటా విడుదల చేసే 'సీసీబీసీ చాయిసెస్' జాబితాలోనూ ఆ ఛాయ కనిపిస్తుంది. 200కు పైగా పుస్తకాలను ఎంచి, ఒక్కొక్కదానికీ చిన్న పరిచయం రాస్తారు. పరిచయాలు పొందికగా, పొల్లు మాట లేకుండా ఉంటాయి. కాని ఎంపిక కానివి ఎందుకు కాలేదో పాఠకుడికి తెలిసే దారి లేదు.

1977 నుంచి అందిస్తున్న మరో సేవ విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఉపాధ్యాయులకూ లైబ్రేరియన్లకూ పరిమితం. ఎవరైనా తల్లిదండ్రులో సంఘమో ఒక పుస్తకాన్ని బడి నుంచి తీసేయమని పట్టుబట్టినప్పుడు, ఆ పుస్తకం మీద వచ్చిన సమీక్షలు, దానికి దక్కిన బహుమతుల వివరాలు సేకరించి, అడిగినవారి పేరు బయటికి పొక్కనీయకుండా పంపుతారు. పుస్తకాన్ని సమర్థిస్తూ ప్రసంగాలు చేయడం కన్నా ఇది ఎక్కువ ఉపయోగమనిపిస్తుంది. ఊళ్ళో వివాదంలో చిక్కుకున్న లైబ్రేరియన్‌కు కావలసింది సానుభూతి కన్నా ముందు చేతిలో కాగితం.

షార్లెట్ జోలోటోవ్ అవార్డు గురించి ఒక్క మాట. బొమ్మల పుస్తకాలకు ఇచ్చే కాల్డెకాట్ పతకం చిత్రకారులకు వెళుతుంది. ఇదే విశ్వవిద్యాలయంలో చదివి, రచయిత్రిగా, సంపాదకురాలిగా పేరు తెచ్చుకున్న జోలోటోవ్ పేరు మీద 1998 నుంచి సీసీబీసీ ఇస్తున్న ఈ బహుమతి ఆ పుస్తకంలోని మాటలు రాసినవారికి దక్కుతుంది. నాలుగైదు వందల మాటల్లో కథ ముగించడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికి తెలుసు గనుక, గెలిచిన పుస్తకాలను వరసగా చదవడం పిల్లల కథలు రాసే తెలుగువారికి మంచి సాధన.

పరిమితులు చెప్పుకోకపోతే సమీక్ష పూర్తి కాదు. ఇది ప్రధానంగా అమెరికా ప్రచురణల గ్రంథాలయం. తెలుగు పిల్లల పుస్తకాల మీద పరిశోధన చేయదలచినవారు ఇక్కడికి రావడం వృథా. వారు అదే ప్రాంగణంలో ఉన్న మెమోరియల్ లైబ్రరీలోని దక్షిణాసియా సేకరణ వైపు నడవాలి. పాత కాలపు పిల్లల పుస్తకాలే కావాలనుకునేవారికి ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలోని బాల్డ్విన్ గ్రంథాలయం, రచయితల చేతిరాతలూ చిత్తుబొమ్మలూ చూడాలనుకునేవారికి మినెసోటాలోని కెర్లన్ సేకరణ ఎక్కువ అక్కరకు వస్తాయి. సీసీబీసీ బలమంతా వర్తమానంలో ఉంది.

మేడిసన్ దాకా వెళ్ళలేనివారికి కూడా దీనిలో సగం అందుబాటులోనే ఉంది. ఏటేటి లెక్కల పట్టికలు, సిఫారసు చేసిన పుస్తకాల్లో వయసును బట్టి, విషయాన్ని బట్టి వెతుక్కునే సౌకర్యం, చర్చా నియమావళి, అన్నీ వారి వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లలను పెంచుతున్న తెలుగువారు ఆ వెతుకులాటతో మొదలుపెట్టి, దొరికిన పేర్లను తమ ఊరి లైబ్రరీలో అడిగి తెప్పించుకోవచ్చు. స్వయంగా వెళ్ళగలిగినవారు మాత్రం ఒక ప్రశ్నను ముందే కాగితం మీద రాసుకుని వెళ్ళి అక్కడి లైబ్రేరియన్ ముందు పెట్టాలి. ఏ ప్రశ్నా లేకుండా వెళితే, అన్ని అరలూ ఒకేలా కనిపించి సాయంత్రమవుతుంది.