కల్చురా: ఒకే ప్రశ్నకు రెండు తరగతుల జవాబులు

నేను బోధించే ఫ్రెంచి పాఠ్యపుస్తకంలో సంస్కృతికి దక్కిన చోటు ప్రతి అధ్యాయం చివర ఒక రంగు గడి, అందులో పదిపన్నెండు వాక్యాలు. ఆ సంగతులు తప్పులు కావు, పరీక్షకు పనికొస్తాయి కూడా. కాని ఒక ఫ్రెంచి విద్యార్థి ఏ మాటకు చిన్నబుచ్చుకుంటాడో, దేన్ని పొగడ్తగా తీసుకుంటాడో ఆ గడి చదివితే తెలియదు. ఈ లోటు కొంతైనా తీరుతుందేమోనని ఒక సెమిస్టరు పాటు కల్చురా పద్ధతిలో ఆన్‌లైన్ మార్పిడి నడిపించాను. మా పిల్లలు ఫ్రెంచి నేర్చుకుంటూ ఇంగ్లీషులో రాసేవారు, అటువైపు వారు ఇంగ్లీషు నేర్చుకునే ఫ్రెంచి విద్యార్థులు.

కల్చురా 1997లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. అప్పట్లో అక్కడ ఫ్రెంచి బోధిస్తున్న జిల్బెర్త్ ఫుర్‌స్టెన్‌బర్గ్ తన సహోద్యోగులతో కలిసి దీన్ని రూపొందించారు. పద్ధతి చూడడానికి చాలా సాదాగా ఉంటుంది. రెండు దేశాల తరగతులు ఒకే ప్రశ్నావళిని, పేర్లు రాయకుండా, ఎవరి భాషలో వారు పూరిస్తాయి. ఒక భాగంలో కొన్ని పదాలు ఇచ్చి వాటిని చూడగానే స్ఫురించే మాటలు రాయమంటారు, ఇంకొక భాగంలో 'మంచి విద్యార్థి అంటే' వంటి సగం వాక్యాలు పూర్తి చేయమంటారు, మూడో భాగంలో సందర్భాలు ఇస్తారు: సూపర్‌మార్కెట్‌లో ఒక తల్లి బిడ్డ చెంప మీద కొడుతుంటే చూశారు, ఏం చేస్తారు? బ్యాంకు ఉద్యోగి చెక్కు మీద మీ పేరు చదివి, ఇంటిపేరుతో కాక తొలిపేరుతో పిలిచాడు, మీకు ఎలా అనిపిస్తుంది? జవాబులన్నీ వచ్చాక రెండు నిలువు వరుసల్లో పక్కపక్కన పెడతారు. విద్యార్థులు వాటిని ముందు తరగతిలో పరిశీలించి, ఆ తర్వాతే చర్చా వేదికలో అవతలివారిని ప్రశ్నిస్తారు.

దీని బలమంతా ఆ పక్కపక్కన పెట్టడంలోనే ఉంది. తొలి మార్పిడులలో బయటపడిన ఒక ఉదాహరణ ఈ రంగంలో చాలామందికి తెలిసినదే: 'వ్యక్తివాదం' అనే మాట చూసి అమెరికా విద్యార్థులు స్వేచ్ఛ, స్వాతంత్ర్యం వంటి మాటలు రాస్తే, ఫ్రెంచి విద్యార్థులు ఎక్కువగా స్వార్థం వైపు మొగ్గారు. నిఘంటువు తెరిస్తే రెండు భాషల్లోనూ దాదాపు ఒకే మాట, ఒకే అర్థం. మా తరగతికి కూడా అదే పదం ఇచ్చాను. జవాబుల వరుసలు రెండూ పక్కపక్కన పెట్టి చూసినా మొదట ఎవరికీ ఏమీ తట్టలేదు. కాసేపటికి వెనుక వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి ఫ్రెంచి వరుసలో 'ఎగోయిజ్మ్' (స్వార్థం) కనిపించిన ప్రతిచోటా పెన్సిలుతో గీత గీసుకుంటూ వెళ్లి, గీతలన్నీ లెక్కపెట్టి, "మేడమ్, వీళ్లకు ఇది తిట్టండీ" అంది. ఇక ఆ గంటలో నేను చేయగలిగిన మంచిపని నోరు మూసుకుని కూర్చోవడమే. వివరణ నాలుక చివరన ఉన్నప్పుడు దాన్ని మింగడం ఉపాధ్యాయులకు ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

అయితే తేడా కనిపెట్టినంత మాత్రాన అర్థమైపోదు. ఆ సాయంత్రమే మా విద్యార్థి ఒకడు వేదికలో "మీకు వ్యక్తివాదం అంటే ఎందుకంత ఏవగింపు?" అని అడిగాడు. "మాకు ఏవగింపేమీ లేదు" అని ఒక్క ముక్క జవాబు వచ్చి ఆ చర్చ అక్కడే ఆగిపోయింది. మరుసటి తరగతిలో పాఠం పక్కనపెట్టి, ఆ ప్రశ్ననే బల్ల మీద పెట్టుకుని మాట్లాడుకున్నాం. అందులో తీర్పు ముందే ఉందని వాళ్లే గుర్తించి, "ఈ మాటను మీరు ఎవరి గురించి, ఏ సందర్భంలో వాడతారు?" అని మార్చి రాశారు. దానికి వచ్చిన జవాబులు పేజీలకు పేజీలు. భాష నేర్పే చోట ప్రశ్న అడగడం నేర్పవలసి వస్తుందని నాకు అంతకు ముందు తెలియదని ఒప్పుకోవాలి.

చాలామంది భాషా బోధకులకు మింగుడుపడనిది ఒకటుంది. ఆన్‌లైన్‌లో విద్యార్థులు నేర్చుకుంటున్న భాషలో కాక తమ భాషలోనే రాస్తారు. ఇంత శ్రమపడి ఫ్రెంచి తరగతిలో ఇంగ్లీషు రాయించడమేమిటని నేనూ మొదట గొణుక్కున్నాను. కాని భాష రాక ఆలోచన కుంచించుకుపోయే ఇబ్బంది ఇరువైపులా ఉండదు, పైగా ఆ వయసు ఫ్రెంచివారు నిజంగా రాసుకునే ఫ్రెంచి మన పిల్లలకు చదువుకోవడానికి దొరుకుతుంది. తరగతి గదిలో చర్చ మాత్రం ఫ్రెంచిలోనే సాగాలి. ఆ నియమం సడలిస్తే భాషా తరగతి పేరుకే మిగులుతుంది. మాట్లాడే అభ్యాసం కావాలనుకునేవారికి ఇద్దరిద్దరుగా జతకట్టి, సగం సమయం ఒక భాషకు, సగం రెండోదానికి కేటాయించే టాండెమ్ పద్ధతి మేలు. బడిపిల్లల ప్రాజెక్టులకైతే యూరోపియన్ కమిషన్ 2005లో ప్రారంభించిన, వేర్వేరు దేశాల బడులను ఆన్‌లైన్‌లో కలిపే ఈట్విన్నింగ్ ఉంది. వీడియో కాల్‌లో ఇద్దరు విద్యార్థులను కలిపి, పలకరింపులు, అభిరుచులు అయ్యాక ఏం మాట్లాడాలో తెలియక దిక్కులు చూసేలా చేసే సేవ ఒకటి అంతకు ముందు వాడి చూశాను. దానికి నేను మళ్లీ వెళ్లను.

కల్చురా పద్ధతిలో ఇబ్బందులు లేకపోలేదు. రెండు వరుసలను చూడగానే "ఫ్రెంచివాళ్లు ఇంతే" అనే మాట తేలిగ్గా నోటికి వచ్చేస్తుంది. అక్కడ రాసింది ఒక దేశం కాదు, ఒక తరగతిలోని ఇరవై ముప్ఫైమంది యువకులని ప్రతివారం గుర్తుచేయవలసి వచ్చింది. అభిప్రాయ సేకరణల ఫలితాలను, పత్రికా వ్యాసాలను ఆ జవాబుల పక్కన పెట్టి సరిచూసుకోవడం ఇందులో తర్వాతి దశ. సమయం చాలక దాన్ని కుదించాను, అది నా పొరపాటే. ఇక క్యాలెండరు సంగతి: చర్చ వేడెక్కిన సమయంలో అవతలి కళాశాలలో పరీక్షలు మొదలై రెండు వారాలపాటు ఒక్క జవాబూ రాలేదు. అవతలివారికి మా మీద ఆసక్తి లేదని మా పిల్లలు తేల్చేశారు. ఆ అపోహ తొలగించడానికి ఇంకో వారం పట్టింది.

సిద్ధంగా దొరికే సేవగా చూస్తే ఇది బోధకుల మీద చాలా బరువు మోపుతుంది. అవతలి అధ్యాపకుడితో వారం వారం మాట్లాడుకోలేనివారు దీని జోలికి వెళ్లకపోవడం మంచిది. నేను మాత్రం వచ్చే సెమిస్టరులో మళ్లీ నడిపిస్తున్నాను, ఈసారి పదాలు సగానికి తగ్గించి, రెండు కళాశాలల పరీక్షల తేదీలు ముందే ఒకే కాగితం మీద రాసుకుని.