నాడీ కణజాలం స్లైడ్ల పెట్టె: పన్నెండింటిలో మూడు అపురూపం

మా డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలకు ఈ ఏడాది నాడీ వ్యవస్థ శాశ్వత స్లైడ్ల పెట్టె ఒకటి తెప్పించాం. చెక్కపెట్టెలో పన్నెండు స్లైడ్లు, ఒక వివరణ పత్రం, ధర రూ. 3,400. ఇదే పెట్టె కొనాలని ఆలోచిస్తున్న అధ్యాపకులు ఉంటారు కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మూడు స్లైడ్ల కోసమే ఈ డబ్బు పెట్టవచ్చు. రెండింటిని మాత్రం నేను తరగతిలో చూపించను.

ఆ మూడింటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది వెన్నుపాము స్మియర్. మేక వెన్నుపాములోని బూడిదరంగు పదార్థాన్ని గాజు మీద అద్ది, నీలం రంగు పట్టించారు. పలుచని కోతలో నాడీకణం ఎప్పుడూ ముక్కగానే దొరుకుతుంది. ఒక డెండ్రైటు (సంకేతాలు అందుకునే కొమ్మ) ఇక్కడ తెగుతుంది, ఇంకొకటి కింది కోతలోకి పోతుంది. స్మియర్‌లో కణదేహం, దాని చుట్టూ నాలుగైదు కొమ్మలు, మధ్యలో పెద్ద కేంద్రకం, అందులో చుక్కలా కేంద్రకాంశం కలిసి కనిపిస్తాయి. పది రెట్ల కటకంతో వెతికి, నలభై రెట్ల కటకానికి మారితే నిస్సల్ కణికలు (కణంలో ప్రోటీన్లు తయారయ్యే చోట్లు) ముదురు నీలం మచ్చలుగా తేలతాయి. ఆ మచ్చలు డెండ్రైట్ల మొదళ్లలోకి కూడా వెళతాయి గానీ తంత్రికాక్షం (సంకేతాన్ని బయటికి మోసుకెళ్లే పొడవాటి తంతువు) పుట్టేచోట ఉండవు. కొమ్మల్లో తంత్రికాక్షం ఏదో గుర్తుపట్టడానికి విద్యార్థికి అదే ఆధారం. నడుము దగ్గరి వెన్నుపాములో ఉండే ఇలాంటి చాలక కణం (కండరాన్ని కదిలించే నాడీకణం) మనిషిలో పాదం కండరాల దాకా దాదాపు మీటరు పొడవున తంత్రికాక్షాన్ని పంపుతుంది. దాని కణదేహం మాత్రం మిల్లీమీటరులో పదో వంతు దాటదు. ఈ లెక్క చెప్పి మళ్లీ కటకంలో చూడమంటే పిల్లలు ఎంతసేపటికీ కుర్చీ వదలరు.

రెండోది ఆస్మిక్ ఆమ్లంతో తయారుచేసిన నాడి. నాడీ తంతువులను సూదులతో విడదీసి పరిచారు. ఆస్మియం కొవ్వును నల్లబరుస్తుంది కాబట్టి తంత్రికాక్షం చుట్టూ ఉండే కొవ్వు పొర, అంటే మయలిన్ తొడుగు, నల్లని గొట్టంలా కనిపిస్తుంది, ఆ తొడుగులో ఖాళీ అయిన రాన్వియర్ కణుపు దగ్గర ఆ నలుపు తెగిపోతుంది. ఈ పెట్టెలోని స్లైడులో కణుపులు చాలా స్పష్టంగా ఉన్నాయి. ఒక్క దృష్టిక్షేత్రంలో రెండు మూడు దొరికాయి. నాడీ ప్రచోదనం ఒక కణుపు నుంచి మరో కణుపుకు దూకుతుందని ఏళ్ల తరబడి నల్లబల్ల మీద గీసి చెప్పాను. అలా దూకడం వల్లనే మందమైన మయలిన్ తంతువుల్లో సెకనుకు 120 మీటర్ల దాకా వేగం వస్తుంది, మయలిన్ లేని సన్నని తంతువుల్లో అది మీటరు అటూఇటూ ఉంటుంది. 2025 ఆరంభంలో పుణెలో గిలియన్ బారే సిండ్రోమ్ కేసులు పెరిగినప్పుడు పత్రికల్లో ఆ పేరు చదివిన విద్యార్థులు దాని గురించి అడుగుతూనే ఉన్నారు. ఆ జబ్బులో ఎక్కువగా కనిపించే ఒక రకంలో శరీరపు రక్షణ వ్యవస్థే పరిధీయ నాడుల (మెదడు, వెన్నుపాముల బయటి నాడుల) మయలిన్ మీద దాడి చేస్తుంది. ఈ నల్లని తొడుగును చూపిస్తూ ‘ఇది పోతే కాలు కదలడం ఎందుకు కష్టమవుతుందో చెప్పండి’ అని అడిగాను. జవాబు వాళ్లే చెప్పారు.

ఈ స్లైడు పక్కన పెట్టి చూపాల్సింది మామూలు హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగుల నాడి అడ్డుకోత. అది కూడా పెట్టెలో ఉంది. స్లైడు తయారీలో వాడే ఆల్కహాలు, జైలీన్ కొవ్వును కరిగించేస్తాయి కాబట్టి మయలిన్ ఉండాల్సిన చోట ఖాళీ వలయం, నడుమ తంత్రికాక్షం చుక్క మాత్రమే మిగులుతాయి. వివరణ పత్రంలో దీని గురించి ఒక్క వాక్యం కూడా లేదు. అధ్యాపకుడు చెప్పకపోతే విద్యార్థి అక్కడ ఏమీ లేదనుకుంటాడు. తయారీదారు తప్పక సవరించుకోవాల్సిన లోపం ఇది.

మూడోది అనుమస్తిష్కం (మెదడు వెనుక కింది భాగం), వెండి లవణంతో గొల్జీ పద్ధతిలో రంగు పట్టించినది. 1873లో ఇటలీ శాస్త్రవేత్త కామిల్లో గొల్జీ ప్రకటించిన ఈ పద్ధతికి ఒక విచిత్రమైన గుణం ఉంది. వేల కణాల్లో ఏ కొన్నో మాత్రమే నల్లబడతాయి, కానీ నల్లబడిన కణం కొమ్మలతో సహా బయటపడుతుంది. స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఈ కహాల్ ఇదే పద్ధతికి మెరుగులు దిద్ది, నాడీకణాలు ఒకదానితో ఒకటి అతుక్కున్న వల కాదని, దేనికదే విడి కణమని వాదించాడు. గొల్జీ దానికి ఒప్పుకోలేదు. 1906లో నోబెల్ బహుమతిని ఇద్దరూ పంచుకున్నారు. మా స్లైడులో మూడు పుర్కింజీ కణాలు (అనుమస్తిష్కంలోని పెద్ద నాడీకణాలు) చక్కగా దొరికాయి. వాటి డెండ్రైట్లు తాటాకు విసనకర్రలా ఒకే తలంలో పరచుకొని ఉన్నాయి. కోత మందంగా ఉంటుంది కాబట్టి సూక్ష్మ సర్దుబాటు మరను మెల్లగా తిప్పుతూ చూడాలి, కటకాన్ని తొందరపడి దించితే పైగాజు పగులుతుంది.

దీనికి జతగా మామూలు రంగుల అనుమస్తిష్కం కోత కూడా ఇచ్చి ఉంటే ఎంతో బాగుండేది. పుర్కింజీ వరుస కింద కిక్కిరిసే చిన్న కణికా కణాలు వెండి స్లైడులో దాదాపు కనిపించవు. మనిషి మెదడులో ఉన్నాయని అంచనా వేసిన సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో 6,900 కోట్ల దాకా అనుమస్తిష్కంలోనే ఉన్నాయి, వాటిలో అత్యధికం ఈ కణికా కణాలే. ఇంత పెద్ద సమూహం పెట్టెలో లేకపోవడం నాకు బాధనిపించింది.

వెన్నుపాము అడ్డుకోతలు మూడు స్థాయిల్లో ఉన్నాయి, మూడూ శుభ్రంగా ఉన్నాయి. మెడ దగ్గరి కోతలో తెల్లని పదార్థం ఎక్కువ, ఎందుకంటే మెదడుకు పైకి వెళ్లే తంతువులు కింది నుంచి వచ్చి చేరుతూ పోతాయి. ఛాతీ భాగంలో పార్శ్వ కొమ్ము కనిపిస్తుంది, సహానుభూత నాడీకణాలు (గుండె, రక్తనాళాల వంటివాటిని మన ప్రమేయం లేకుండా నడిపేవి) ఉండేది అక్కడే. పృష్ఠమూల గాంగ్లియాన్ (వెన్నుపాము పక్కన జ్ఞాన నాడీకణాల ముడి) స్లైడు, పసీనియన్ కార్పసిల్ (చర్మంలో ఒత్తిడిని, కంపనాన్ని గ్రహించేది) స్లైడు ఫరవాలేదు.

పక్కన పెట్టిన రెండింటిలో ఒకటి చాలక అంత్య ఫలకం, అంటే నాడి చివర కండరాన్ని కలిసే చోటు. బంగారు క్లోరైడు రంగు అసలు పట్టలేదు. కండర తంతువులు గోధుమ రంగు మరకల్లా ఉన్నాయి, వాటి మీద నాడి చివరలు వెతికినా దొరకలేదు. రెండోది మస్తిష్క వల్కలం, అంటే మనిషిలో ముడతలు పడి ఉండే మెదడు పైపొర. పెట్టె మూత మీద ‘మానవ నాడీ వ్యవస్థ’ అని అచ్చువేశారు, ఈ స్లైడు చీటీ మీద కూడా ‘మానవ’ అనే ఉంది. కానీ కోత పైఅంచు ఎక్కడా ముడత లేకుండా నునుపుగా ఉంది. పలుచని వల్కలం, దాని కింద హిప్పోక్యాంపస్ (జ్ఞాపకానికి సంబంధించిన మెదడు భాగం) వంపు ఒక్క స్లైడులోనే ఇమిడిపోయాయి. ఇది ఎలుక మెదడు. ఎలుకది కావడం నేరమేమీ కాదు, ఆరు పొరలు, పిరమిడ్ కణాలు అందులోనూ ఉంటాయి. కానీ ఏ జంతువుదో చీటీ మీద నిజం రాయడం విజ్ఞానశాస్త్ర సామగ్రి అమ్మేవారి కనీస బాధ్యత. ఫోను చేసి అడిగితే ‘అందరికీ ఇదే పంపుతాం’ అన్నారు. ఆ జవాబు నాకు కోపం తెప్పించింది.

నాడీకణాలకు ఆసరాగా ఉండే గ్లియా కణాలకు ఒక్క స్లైడు కూడా కేటాయించలేదు. ఆస్ట్రోసైట్లు, మైక్రోగ్లియా, కేంద్ర నాడీ వ్యవస్థలో మయలిన్ చుట్టే ఆలిగోడెండ్రోసైట్లు లేకుండా నాడీ కణజాలం పాఠం పూర్తికాదు. పరిధీయ నాడిలో ఒక ష్వాన్ కణం ఒక తంత్రికాక్షంలో ఒక్క భాగానికే తొడుగు వేస్తుంది, ఆలిగోడెండ్రోసైటు ఒక్కటే అనేక తంత్రికాక్షాలకు తొడుగులు వేస్తుంది. ఈ తేడాను చూపడానికి ఇప్పటికీ నల్లబల్లే గతి.

కాబట్టి బీఎస్సీ, నర్సింగ్ తరగతులకు ఈ పెట్టె కొనండి, అయితే డబ్బు కట్టేముందు అంత్య ఫలకం స్లైడు ఫోటో పంపమని అడగండి. విడి స్లైడ్లు అమ్ముతామంటే స్మియర్, ఆస్మిక్ నాడి, గొల్జీ అనుమస్తిష్కం, మూడు వెన్నుపాము కోతలు చాలు. వచ్చాక స్లైడ్లను అడ్డంగా పరచి, వెలుతురు తగలని బీరువాలో ఉంచండి. కిటికీ పక్కన పెడితే నీలం రంగు త్వరగా వెలిసిపోతుంది.