అడిస్ అబాబాలో టిబ్స్ తినాలంటే బుధవారం దిగకండి

నేను దిగింది బుధవారమే. ఇథియోపియా ఆర్థొడాక్స్ క్రైస్తవులకు బుధ, శుక్రవారాలు ఉపవాసం. మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. టిబ్స్ అనే మాంసం వేపుడు కోసం వెళ్లిన రెండు చోట్లా ఇంజెరా అనే పులిసిన అట్టు మీద పప్పులూ కూరగాయలే వడ్డించారు. శాకాహారులకు మాత్రం ఆ రెండు రోజులూ పండగే. శనగపిండితో చేసే షిరో ఉంది చూశారూ, ఘాటెక్కువైన బొంబాయి చట్నీ అనుకోండి.

బస బోలేలో, విమానాశ్రయానికి దగ్గర. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లకు లోటు లేదు. ఊరు 2,300 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి రెండో దుప్పటి ముందే అడగండి. హోటల్లో ఆ రాత్రే టిబ్స్ దొరికింది గానీ, ముక్క రబ్బరులా సాగింది. అక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెప్పే మా బావగారికి ఫోన్లో చెబితే నవ్వి, "అది టిబ్స్ కాదోయ్, రేపు చూద్దువుగాని" అన్నారు.

గురువారం ఒక 'సిగ బేట్'కి తీసుకెళ్లారు. ముందు మాంసం కొట్టు, వెనక బల్లలు. ఏ ముక్క కావాలో చూపిస్తే కోసి, తూచి, వంటింట్లోకి పంపుతారు. పక్క బల్ల వాళ్లు గొడ్డుమాంసం పచ్చిదే మిట్మిటా కారంలో అద్దుకుని తింటున్నారు. నాకంత ధైర్యం లేదు. మేం మేకమాంసం చెప్పాం.

షెక్లా టిబ్స్ మట్టి కుంపటిలో వచ్చింది. అడుగున నిప్పులు, పైన చిటపటమంటున్న ముక్కలు. మసాలా దట్టించరు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, రోజ్‌మేరీ రెమ్మ, సుగంధద్రవ్యాలతో కాచిన నిటెర్ కిబ్బె అనే నెయ్యి, అంతే. అంచులు కరకర, లోపల మెత్తన. ఇంజెరా మన పుల్లట్టుకి పెద్దన్న. అడుగున పరిచిన ఇంజెరా ముక్కకు ఆ నెయ్యంతా పట్టేస్తుంది. నన్నడిగితే మాంసం కంటే అదే రుచి. 'డెరెక్' అంటే పొడి వేపుడు తెస్తారు, నెయ్యి ఓడుతూ కావాలంటే ఆ మాట అనకండి.

బావగారి సహోద్యోగి ఒకాయన పెద్ద ముద్ద చుట్టి నా నోట్లో పెట్టేశారు. దాన్ని గుర్షా అంటారు, వద్దనకూడదు. మా అమ్మ తర్వాత నాకు ముద్ద పెట్టింది ఆయనే!

శనివారం మళ్లీ అక్కడికే వెళ్దామని డ్రైవర్‌ని ఒంటిగంటకు రమ్మన్నాను. వాళ్ల గడియారం మన ఉదయం ఆరింటి నుంచి లెక్క. ఉదయం ఏడింటికల్లా కిందికొచ్చి హారన్ కొట్టాడు. కాఫీ ఇప్పించి, మన ఒంటిగంటకు మళ్లీ రమ్మని పంపాను.